గాలిమోటారు వెనకగది

మోటార్లకు తీగ చుట్టడం అతని పని. కాలిపోయిన మోటారు కొట్లోకి రాగానే మూత విప్పి ముందు వాసన చూసేవాడు. వార్నిష్ మాడిన వాసన ఘాటుగా కొడితే లోపలి రాగి తీగంతా కోసి పారేసి కొత్తది చుట్టాల్సిందేనని మొహమాటం లేకుండా చెప్పేవాడు. ఆ వీధిలో అతన్ని అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ అతను గాలిమోటారు, అంటే పాతవాళ్ళ మాటలో విమానం. ఆ పేరులో సగం అతని పని ఉంది, సగం అతని పిచ్చి ఉంది.

ఆ పిచ్చి కొట్టు వెనకగదిలో ఉండేది. తుక్కు కారులోంచి ఊడదీసిన సీటు, దాని ముందు స్విచ్చులు బిగించిన ప్లైవుడ్ బోర్డు, బోర్డు పైన కంప్యూటర్ తెరలు, కాళ్ళ కింద పాత కుట్టుమిషను తొక్కుడు పలకలు, మోకాళ్ళ మధ్య గేర్ రాడ్డుతో చేసిన కర్ర. సాయంత్రం షట్టర్ సగం దించి ఆ సీట్లో కూర్చున్నాడంటే యుద్ధ విమానంలో కూర్చున్నట్టే. ఎవరైనా ఆట అంటే మొహం మాడ్చుకునేవాడు. అసలు విమానంలో ఏ మీట ఎక్కడుంటుందో ఇక్కడా అక్కడే ఉంటుందని, ఇది సిమ్యులేటరని, కాస్త చదువుకుని మాట్లాడమని కోప్పడేవాడు. అతను ఎంచుకున్న విమానం సరిహద్దు అవతలి దేశం వాళ్ళది. సిమ్యులేటర్ తయారుచేసినవాళ్ళు దాన్నే శ్రద్ధగా చేశారు మరి. రెండు దేశాల మధ్య అప్పటికి మాటల గొడవే తప్ప తూటాల గొడవ లేదు.

"భూమ్మీదకి ఎప్పుడు దిగుతారో ముందే చెబితే అప్పుడే వడ్డిస్తాను," అనేది భార్య గుమ్మంలో నిలబడి.

అక్క భర్త ఇంకో అడుగు ముందుకేసేవాడు. అతను మార్కెట్లో మాంసం కొట్టు నడిపే భారీ మనిషి. "మా బావమరిది రోజూ ఆకాశంలోకి పోయొస్తాడు. చెప్పులు మాత్రం గుమ్మంలోనే ఉంటాయి," అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పి కడుపుబ్బ నవ్వేవాడు.

నవ్వనిది అక్క ఒక్కతే. తల్లి పోయాక అతన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. కొట్టుకి వచ్చినప్పుడల్లా తీగ అయిపోయిన చెక్క చక్రాన్ని బోర్లించుకుని అతని సీటు పక్కన కూర్చునేది. "ఇవాళ నన్నెక్కడ తిప్పుతావురా?" అని అడిగి, తెర మీద కొండలూ ఏర్లూ వెనక్కి పరుగెడుతుంటే కదిలే బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు అతని భుజం గట్టిగా పట్టుకునేది. ఒకసారి, అతను ఊరి మీదుగా కిందకి దించినప్పుడు, "ఇళ్ళున్నాయి గానీ మనుషులేరిరా?" అంది. మనుషుల్ని పెడితే కంప్యూటర్ మొరాయిస్తుందక్కా అని చెప్పాడు.

వేసవి ముగిసే రోజుల్లో మాటల గొడవ తూటాల దాకా వచ్చింది. మొదటిసారి విమానాలు వచ్చిన రోజు వీధిలో అందరూ అటూ ఇటూ పరుగులు పెట్టారు. గాలిమోటారు మాత్రం కొట్టు మేడెక్కి తలెత్తి నిలబడ్డాడు. ఆ రొద అతనికి కొత్త కాదు. ఇన్నేళ్ళుగా చెవులకి తగిలించుకున్న స్పీకర్లలో విన్నదే. ఇంకాసేపట్లో ఎడమకి తిరుగుతాయి, రైల్వే యార్డు మీదకి వెళ్తాయి అన్నాడు. అలాగే తిరిగాయి, అలాగే వెళ్ళాయి. యార్డులో నూనె ట్యాంకు పేలి కార్మికులు నిలువునా కాలిపోయారు. ఆ వాసన మర్నాటికి కూడా వీధిని వదల్లేదు. ఒంటికి అంటుకున్న మంటతో ఒకతను పట్టాల వెంట పరుగెత్తడం అందరూ చూశారు. ఎంతదూరం పరుగెత్తాడో కూడా చూశారు.

రెండోసారి కూడా గాలిమోటారు మాటే నిజమైంది. దాంతో అతనికి ఎన్నడూ లేని మర్యాద వచ్చిపడింది. సైరన్ మోగితే జనం బంకర్‌కి పోయేముందు అతని కొట్టు ముందు ఆగేవాళ్ళు. "ఇవాళ ఎటు?" అని అడిగేవాళ్ళు. ఒకప్పుడు తనని చూసి పళ్ళికిలించిన ఎదుటి క్షౌరశాల ఆయన కూడా లేచి కుర్చీ వేశాడు. గాలిమోటారుకి అది తలకెక్కలేదని చెప్పలేం. భయమే లేదనీ చెప్పలేం. రెండూ కలిసి అతన్ని ఒక రకమైన జ్వరంలో ఉంచాయి.

ఆ రోజు పొద్దున అక్క వచ్చింది. చేతిలో భర్త కోసం కట్టిన భోజనం క్యారియర్ ఉంది.

"కొట్టు తెరిచి కూర్చున్నాడు మీ బావ. మూసేసి ఇంట్లో ఉంటే సరుకు కుళ్ళిపోతోందంట. నాకేమో ఆ పక్కకి వెళ్ళాలంటే గుండె దడగా ఉంది. నువ్వేమంటావురా?"

అతను పంపుసెట్టు మోటారు ముందేసుకుని తీగ బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"వెళ్ళక్కా. వాళ్ళకి కావల్సింది యార్డు. మార్కెట్ జోలికి రారు."

"అంతేనంటావా?"

"అంతే."

ఆవిడ అతని జుట్టు చెరిపి వెళ్ళిపోయింది.

సైరన్ మోగినప్పుడు అతను మేడ మీదే ఉన్నాడు. విమానాలు వరసగా వచ్చాయి. నీళ్ళ ట్యాంకు పక్కనుంచి మన ఫిరంగులు కాల్చాయి. వరసలో చివరి విమానం రెక్కలోంచి మంట లేచింది. కాసేపు ఊగిసలాడింది, ముక్కు కిందికి వాలింది. అప్పుడు దాని పొట్ట కింద నుంచి నల్లటి ముక్కలు కొన్ని ఊడిపడ్డాయి. గురి చూసి వేసినట్టు లేదు. మోయలేని సరుకుని దారిలో జారవిడిచినట్టుంది. అవి ఎక్కడ పడతాయో గాలిమోటారుకి లెక్క తెలుసు. అతని నోట్లోంచి అక్కా అన్న పిలుపు సగమే వచ్చింది.

మార్కెట్ రేకుల కప్పు ఒక్కసారిగా పైకి ఉబ్బి, చిరిగి, ఆకాశంలోకి లేచింది. దెబ్బకి అతను మేడ మీద వెల్లకిలా పడ్డాడు. లేచేసరికి చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. దూరంగా విమానం పొగ గీసుకుంటూ ఒరిగిపోతోంది. కొట్టు వెనక గోడౌన్ల మీద పారాచూట్ ఒకటి తెల్లటి గొడుగులా ఊగుతూ దిగుతోంది. అతను దాన్ని చూశాడు గానీ ఆగలేదు. మార్కెట్ వైపు పరుగెత్తాడు.

అక్కడ ఏది సరుకో ఏది మనిషో తెలియని పరిస్థితి. చేపల బల్ల మీద ఒక చెయ్యి గాజులతో సహా ఉంది. కూరగాయలమ్మే ముసలాయన తన బుట్టల మధ్య నిటారుగా కూర్చుని ఉన్నాడు, మెడ పైన తల లేదు. ఎవరో ఒకామె తన కాలు తనే ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చెప్పు వెతుక్కుంటోంది. కూలిన దూలాల కింద నుంచి అరుపులు వస్తున్నాయి.

బావ మాంసం కొట్టు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. అక్క తల అతని ఒళ్ళో ఉంది. నడుము కింద ఆవిడ మీద ఇనప దూలం పడి ఉంది. మొహం మీద చిన్న గీత కూడా లేదు. గాలిమోటారు ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. బావ ఆ వేలిని పక్కకి కొట్టేశాడు.

"పోయింది. ఇంకేం చూస్తావు?"

గాలిమోటారు దూలం కింద చెయ్యి పెట్టి లేపబోయాడు. అది కదల్లేదు. పక్కనే రేకుల కింద ఎవరో ఇంకా బతికున్నారు, నీళ్ళు నీళ్ళు అంటున్నారు. పెద్ద మోటార్లు ఎత్తే చైన్ బ్లాక్ తన కొట్లో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ గొలుసు తెస్తే దూలాలు లేపొచ్చు. లేచి వెనక్కి పరుగెత్తాడు.

చైన్ బ్లాక్ వెనకగదిలో కొక్కేనికి వేలాడుతుంది. తలుపు తోసి, కొక్కెం నుంచి దాన్ని దించి భుజాన వేసుకుని తిరిగాడు. అప్పుడు చూశాడు. అతని సీట్లో మనిషి కూర్చుని ఉన్నాడు.

ముదురు ఆకుపచ్చ దుస్తులు. మోకాలి కింద ఎముక బట్టని చించుకుని బయటికొచ్చింది. నుదుటి నుంచి కారిన నెత్తురు ఒక కంటిని మూసేసింది. చేతిలో పిస్తోలుంది. గోడౌన్ కప్పు మీద పడి, పెరట్లోకి దొర్లి, పెరటి తలుపులోంచి పాక్కుంటూ వచ్చాడని నేల మీద నెత్తుటి చార చెబుతోంది. పిస్తోలు గాలిమోటారు వైపు ఎత్తి ఉన్నా చూపు మాత్రం బోర్డు మీదే ఉంది.

"ఇదేంటి?" అన్నాడు. అవతలి వాళ్ళదీ ఇదే భాష, కాస్త సాగదీస్తారంతే. "ఇది మా విమానం బోర్డు."

"నేనే చేశాను."

"ఎందుకు?"

గాలిమోటారు, నిజం పైలట్ ఎప్పుడైనా తారసపడితే అడగాలని ఏళ్ళ తరబడి అనుకున్నవి బోలెడున్నాయి. ఒక్కసారిగా పైకి లేపితే కళ్ళకి నిజంగానే చీకట్లు కమ్ముతాయా, మబ్బులో దూరితే కర్ర చేతిలో వణుకుతుందా, ఇలాంటివి. అవన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

"మార్కెట్ మీద ఎందుకు వేశావు?"

"ఏ మార్కెట్?"

"యార్డుకి ఇవతల. పొడుగు రేకుల కప్పు."

పైలట్ నొప్పికి పళ్ళు బిగించి, ఊపిరి తీసుకున్నాడు. "నేను యార్డు దాకా వెళ్ళలేదు. రెక్క పోయింది. ముక్కు దిగిపోతోంది. ఎలాగోలా గట్టెక్కాలని..."

"బరువు దించుకున్నావు."

పైలట్ ఒంటికన్నుతో అతన్ని పరీక్షగా చూశాడు. "నీకెలా తెలుసు?"

"ఎడమ చేతి పక్కన, పసుపూ నలుపూ చారల మూత కింద ఎర్ర మీట. అది లాగితే ఉన్నవన్నీ ఒకేసారి పోతాయి."

"అవును."

"లాగేముందు కిందికి చూశావా?"

"చూసే వీలుండదు." గడ్డంతో బోర్డు వైపు చూపించాడు. "నువ్వూ దీని మీద ఎగురుతావుగా. దెబ్బ తగిలితే నువ్వు చూస్తావా?"

గాలిమోటారు ఆ మీట ఎన్నోసార్లు లాగాడు. కింద ఊరుందో అడివుందో ఒక్కసారీ చూడలేదు. చూడకపోతే మార్కులు తగ్గేవి కావు. విమానం తేలికపడి ముక్కు పైకి లేస్తే హమ్మయ్య అనుకునేవాడు. అక్క పక్కన కూర్చున్నప్పుడు కూడా అలాగే లాగాడు.

భుజాన ఉన్న గొలుసు అతని చేతిలోకి ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. విసురుగా తిప్పి కొట్టాడు. పిస్తోలు పేలింది. గుండు నడిమి తెరలోంచి దూసుకుపోయి గోడలో దిగింది. రెండో దెబ్బకి పిస్తోలు పట్టుకున్న మణికట్టు ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. మూడో దెబ్బ దవడ మీద పడింది. ఆ తర్వాత దెబ్బలకి లెక్కా వరసా లేవు. పైలట్ సీట్లోంచి నేల మీదకి జారాడు. గాలిమోటారు అతని విరిగిన కాలి మీద కాలు వేసి తొక్కాడు. పైలట్ కేక గదంతా మోగింది. అయినా మళ్ళీ తొక్కాడు. పైలట్ నోట్లోంచి పళ్ళూ నెత్తురూ కలిసి కారాయి. ఎవరో జంతువులా మూలుగుతున్నారనుకున్నాడు గాలిమోటారు. మూలుగుతున్నది తనే.

పిస్తోలు పేలిన చప్పుడుకి భార్య పైనుంచి దిగి వచ్చింది. గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఈ గొలుసు దేనికోసం దించారు?"

అతను గొలుసు వదల్లేదు.

"అక్కడ రేకుల కింద మనుషులు అరుస్తుంటే ఇక్కడిదాకా వినిపిస్తోంది. వదిన ఏదండీ?"

"పోయింది."

ఆమె గోడకి ఆనుకుంది. తర్వాత ముందుకొచ్చి అతని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి గొలుసు తీసుకుంది. నెత్తురు ఆమె చేతులకీ అంటింది. అంత బరువూ భుజాన వేసుకుని, వంగిపోతూ మార్కెట్ వైపు తనే వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. గాలిమోటారు కింద పడ్డ పిస్తోలు తీసుకుని చెక్క చక్రం మీద కూర్చున్నాడు. పైలట్ దవడ పక్కకి జరిగింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఎవరు పోయారు?"

"మా అక్క."

"ఒక్కతేనా, ఇంకా ఉన్నారా?"

"నాకు ఒక్కతే."

పైలట్ కళ్ళు మూసుకున్నాడు. క్షమించమనలేదు. "పిస్తోలు నీ దగ్గరుంది," అన్నాడు చివరికి. "మీవాళ్ళు వచ్చేలోపు కానిచ్చెయ్. దిగేటప్పుడు చూశాను, గునపాలు పట్టుకుని పరుగెడుతున్నారు. వాళ్ళ చేతిలో పడేకన్నా నీ చేతిలో నయం."

గాలిమోటారు పిస్తోలు అతని నుదుటికి ఆనించాడు. వేలు మీట మీద పెట్టాడు. పైలట్ ఊపిరి అతని మణికట్టుకి వెచ్చగా తగిలింది. అంత దగ్గరగా ఆ మొహంలో, నెత్తురు కింద, సరిగ్గా గీయని గడ్డం కనిపించింది. చెవి తమ్మె మీద పుట్టుమచ్చ కనిపించింది. వేలు బిగుసుకుంది గానీ కదల్లేదు. కొట్టిన చెయ్యి కాల్చడానికి ఎందుకు రాలేదో తర్వాత ఎన్నాళ్ళు ఆలోచించినా అతనికి అంతు చిక్కలేదు. పిస్తోలుని తీగ చుట్టల వెనక్కి విసిరేశాడు.

వీధిలో జనం మోత వినిపించింది. అప్పటికే మార్కెట్లో, భార్య భుజాన ఉన్న గొలుసుకి నెత్తురు చూసి అదెవరిదని బావ అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది.

గాలిమోటారు వెళ్ళి వెనకగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. షట్టర్ కింద నుంచి ముందు వంగి లోపలికొచ్చింది బావే. చొక్కా అంతా అక్క నెత్తురు. చేతిలో ఎముకలు కొట్టే కత్తి ఉంది. వెనక గునపాలు, ఇనప పైపులు, తెలిసిన మొహాలు.

"తప్పుకో."

"బావా, కాలు విరిగిపోయింది. ఎక్కడికీ పోలేడు. సైన్యం వచ్చి తీసుకుపోతుంది."

"తప్పుకోరా."

"నేను కొట్టాను బావా. చాలా కొట్టాను. ఇంకేం మిగల్లేదు."

"నువ్వు కొడితే నాకు చల్లారుతుందా?"

బావ కత్తి ఎత్తాడు. గాలిమోటారు తలుపు చట్రం మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. కత్తి దిగింది. చట్రంలో లోతుగా దిగబడి ఆగింది. ముందు నొప్పి తెలియలేదు. చెక్క మీద తన వేళ్ళు రెండు తనవి కానట్టు ఉండిపోవడం చూశాడు. తర్వాత గుమ్మంలోనే కూలబడ్డాడు. జనం అతని మీద నుంచి తొక్కుకుంటూ లోపలికి వెళ్ళారు.

పైలట్‌ని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. పైపు పెట్టి పొడిచిన ఒకతను అంతకుముందు వారం గాలిమోటారు దగ్గర ఫ్యాను బాగుచేయించుకున్నవాడే. క్షౌరశాల ఆయన రాయి పట్టుకుని పైలట్ చేతి మీద మళ్ళీ మళ్ళీ కొడుతున్నాడు. వెనకగదిలో మిగిలినవాళ్ళు సీటూ బోర్డూ తెరలూ గునపాలతో పొడిచి తునాతునకలు చేశారు. ఒకడైతే ఆ కర్రని పీకి అదేదో బతికున్న పామైనట్టు నేలకేసి బాదాడు. నేల మీద పడి ఉన్న గాలిమోటారుని ఎవరో డొక్కలో తన్ని, "శత్రువుల విమానం ఇంట్లో పెట్టుకున్నాడు వీడు," అన్నారు. అది విని ఇంకో ఇద్దరు తన్నారు.

సైనికుల ట్రక్కు వచ్చి గాల్లోకి కాల్చేదాకా అది సాగింది. పైలట్‌ని ట్రక్కులోకి విసిరినప్పుడు అతని కాలు తిరగకూడని వైపు తిరిగి వేలాడింది. బతికున్నాడో లేదో వీధిలో ఎవరికీ తెలియదు. చాలామంది పోయాడనే అనుకున్నారు, అలా అనుకోవడం వాళ్ళకి బాగుంది.

గాలిమోటారు ఆసుపత్రి నుంచి వచ్చాక కుడిచేతికి మూడు వేళ్ళే మిగిలాయి. తీగ చుట్టే పని ఇక చేతకాదు. భార్య బల్ల ముందు కూర్చుంది. మొదట్లో తీగ తెగేది, చుట్టు వదులయ్యేది. అతను పక్కన నిలబడి చెబుతుంటే నేర్చుకుంది. ఒకరోజు ఆమె పని మధ్యలో ఆగి, తల ఎత్తకుండానే అంది.

"అన్నయ్య అడిగాడు. పెళ్ళాం శవం ముందు కూర్చున్న మనిషి అడిగితే అబద్ధం ఎలా చెప్పమంటారు?"

"చెప్పొద్దులే."

"మీ వేళ్ళు పోతాయని తెలిస్తే చెప్పేదాన్ని కాదు."

"తెలుసు," అన్నాడు.

వానాకాలం ముగిశాక యుద్ధం ఆగింది. ఖైదీల్ని ఇచ్చిపుచ్చుకోవడం టీవీలో చూపించారు. వంతెన మీద నడుస్తున్నవాళ్ళలో చంకకర్రల మీద ఒకతను ఉన్నాడు. దవడ వంకరగా ఉంది, ఒక కంటికి గుడ్డ కట్టి ఉంది. గాలిమోటారు గుర్తుపట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

టీవీ బావ కూడా చూశాడు. ఆ సాయంత్రం కొట్టుకి వచ్చాడు. అక్క పోయాక అతను ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మనిషి సగమయ్యాడు. బల్ల మీద కూర్చుని, గాలిమోటారు చేతి వైపు చూడకుండా అడిగాడు.

"వాడితో ఇక్కడ కాసేపు ఉన్నావుగా. ఏమన్నాడు?"

గాలిమోటారు దాచలేదు. రెక్క పోవడం, ముక్కు వాలడం, ఎర్ర మీట, అన్నీ చెప్పాడు.

"అంటే మార్కెట్‌కి గురి పెట్టి కూడా వేయలేదా?"

"లేదు బావా. కింద ఏముందో చూడలేదు."

బావ బల్ల మీది తీగ ముక్కని వేలికి చుట్టుకుని విప్పాడు. "గురి పెట్టి వేసుంటే బాగుండేది," అన్నాడు. "ఎవడో ఒకడు దాన్ని చంపాలనుకున్నాడని అనుకునేవాణ్ణి. ఇదేంటిది, దారిలో బరువు దించుకోవడమేంటి?"

భార్య టీ తెచ్చి పెట్టి అక్కడే నిలబడింది.

"ఇంకో మాట," అన్నాడు బావ. "ఆ రోజు మీ అక్క కొట్టు దగ్గరికి నవ్వుకుంటూ వచ్చింది. ఇటు రారట, తమ్ముడు చెప్పాడు అంది. కత్తి ఎత్తినప్పుడు వాడి కోసమే ఎత్తాను. దించేటప్పుడు నిన్నే చూశాను."

"నాకు తెలుసు బావా. అందుకే చెయ్యి తీయలేదు."

బావ తల ఊపాడు. టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ తెగిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మానిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ప్రాణం పోయేంత నొప్పి. గాలిమోటారు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. బావ ఏడుస్తున్నాడని అతనికి చేతి మీద తడి తగిలాకే తెలిసింది.